చలికాలం సెలవులు పిల్లలకే, నాకు ఆఫీసు ఉంది. మీ ఇళ్ళల్లో రోజు ఎలా నడుస్తోంది?

ఇద్దరు పిల్లల అమ్మ:

అందరికీ నమస్కారం. స్కూళ్ళకి చలికాలం సెలవులిచ్చేశారు, మా ఆఫీసుకి మాత్రం లేవు. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, బాబుకి ఐదు. మావారు పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే ఇల్లు చేరతారు. నాకు వారంలో ఎక్కువ రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్. అందుకని చుట్టాల దగ్గర్నుంచి ఆఫీసువాళ్ళ దాకా అందరూ "ఇంట్లోనే ఉంటావుగా, నీకేం ఇబ్బంది" అనేస్తున్నారు. ఇంట్లో ఉన్నంత మాత్రాన ఖాళీగా ఉన్నట్టు కాదని ఎంతమందికని చెప్పను? పైగా మాకిది ఏడాది చివరి రిపోర్టులు పంపే సమయం, సగం మంది లీవులో ఉంటారు కాబట్టి వాళ్ళ పని కూడా మిగిలినవాళ్ళ మీదే పడుతుంది.

నిన్న మీటింగ్‌లో నేను మాట్లాడాల్సిన వంతు వచ్చింది, సరిగ్గా అప్పుడే బాబు తలుపు నెట్టుకుని వచ్చాడు. ఒక కాలికి సాక్సు ఉంది, రెండోది చేతిలో ఉంది, ఇంకో చేతిలో గమ్ ట్యూబు. దాని మూత బిగుసుకుపోయింది. మీటింగ్‌లో ఉంటే మాట్లాడకూడదని వాడికి తెలుసు, అందుకే నోరు తెరవకుండా ట్యూబు నా ముఖం ముందుకి చాచి నిలబడ్డాడు. నేను మాట్లాడుతూనే మూత తిప్పి చూశాను, రాలేదు. మీటింగ్ అయ్యేసరికి నా కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు, ట్యూబు పట్టుకునే. అల్లరి చేసి ఉంటే వేరు. అంత ఓపిగ్గా కూర్చున్నాడే, దానికే నాకు ప్రాణం ఉసూరుమంది.

అసలు సమస్య ఒక్కటి కాదు. పొద్దున తొమ్మిదైనా లేవరు, రాత్రి పదకొండైనా పడుకోరు. నేను కాల్‌లో ఉన్నంతసేపూ టీవీయో ట్యాబో నడుస్తూ ఉండాల్సిందే. తమ్ముడిని చూసుకోవడం నెమ్మదిగా అమ్మాయి మీద పడుతోంది, అది నాకు నచ్చట్లేదు. బయట చలి, సాయంత్రం తొందరగా చీకటి పడిపోతుంది, నా పని అయ్యాక వాళ్ళని ఆడించడానికి తీసుకెళ్దామంటే వెలుతురే ఉండదు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, ఆవిణ్ణి రమ్మనలేను.

మావారు మంచి మనిషి. "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అంటారు, చెప్తే చేస్తారు కూడా. కానీ ఎవరికి ఏ బట్టలు తడిగా ఉన్నాయి, హాలిడే హోంవర్క్ ఎంత మిగిలింది, రేపు నాకు మీటింగ్ ఉన్న గంటలో బాబుకి ఆకలేస్తుందా, ఇదంతా ముందుగా ఆలోచించి చెప్పడమే నాకు పెద్ద పనిగా ఉంది. అలసట అక్కడే వస్తోంది.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళల్లో ఈ రోజులు ఎలా గడుస్తున్నాయో ఉన్నదున్నట్టు చెప్పండి. లీవు పెట్టేయమని మాత్రం చెప్పకండి, కొద్దిగానే మిగిలాయి, పిల్లలకి జ్వరమొస్తే అవే దిక్కు.

ముగ్గురు పిల్లలున్న ఇల్లు:

చెల్లీ, రోజు మొత్తానికి టైమ్‌టేబుల్ వేయాలని చూడకు. గంటకో పని చొప్పున రాసి గోడకి అంటిస్తే రెండో రోజుకే అది తప్పుతుంది, తప్పిందన్న టెన్షన్ నీకు అదనం. లేచే వేళ, బయటికెళ్ళే వేళ, పడుకునే వేళ, ఈ మూడింటిని గట్టిగా పట్టుకో. మధ్యలో వాళ్ళేం చేసినా పట్టించుకోకు.

మూడింట్లోనూ లేచే వేళ ముఖ్యం. పడుకోమని ఎంత చెప్పినా తొమ్మిదింటికి లేచిన పిల్లలకి రాత్రి తొమ్మిదిన్నరకి నిద్రెలా వస్తుంది? రోజూ పావుగంట చొప్పున ముందుగా లేపు, లేవగానే కర్టెన్లు పూర్తిగా తీసెయ్. ఒంటిలోని గడియారం పొద్దుటి వెలుతురుతోనే సర్దుకుంటుంది, చలికాలంలో పగలు చిన్నది కాబట్టి ఆ వెలుతురు ఇంకా అవసరం. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన లెక్క ప్రకారం 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 3 నుంచి 5 ఏళ్ళవాళ్ళకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. మీ పిల్లలిద్దరికీ పది గంటలు అనుకుంటే సరిపోతుంది. సాయంత్రం ఏడుపులూ కొట్లాటలూ సగం ఈ నిద్ర లేకనే.

బయటికి వెళ్ళడం సాయంత్రానికి పెట్టుకోకు. చీకటి పడుతుందని నువ్వే అన్నావు. మీ టీమ్‌లో చెప్పి మధ్యాహ్నం భోజనం టైమ్‌ని కాస్త పొడిగించుకో, ఎండ ఉన్నప్పుడే పిల్లలతో బయట అరగంట తిరిగి రా. ఆ అరగంట పని పొద్దునో సాయంత్రమో ముగించొచ్చు. చలి అని ఆపకు, పొరలుగా వేసిన బట్టలుంటే చాలు. చెవులు కప్పు, తడిసిన సాక్సులు ఇంటికి రాగానే మార్చు.

ఇంక ఆ గమ్ ట్యూబు సంగతి. ప్రతి మీటింగ్‌కి ముందు పది నిమిషాలు ఇల్లంతా ఒక చుట్టు తిరుగు. మంచినీళ్ళ సీసాలు నింపి వాళ్ళ చేతికందే చోట పెట్టు, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చారా అడుగు, మూతలు వదులు చెయ్, రిమోట్‌లో బ్యాటరీ చూడు, పెన్సిళ్ళు చెక్కించి ఉంచు. వినడానికి చిన్న సంగతులే కానీ తలుపు తోసుకుని రావడానికి కారణాలు ఎక్కువగా ఇవే. ఇంకొకటి, "మీటింగ్‌లో ఉంటే రావద్దు" అని ఊరుకోకూడదు. ఎప్పుడు రావాలో కూడా నేర్పాలి. రక్తం వచ్చినా, ఎవరైనా పడిపోయినా, పొగ వాసన వచ్చినా, కొత్తవాళ్ళు తలుపు కొట్టినా అడక్కుండా లోపలికి వచ్చేయాలి, గట్టిగా పిలవాలి. మీ బాబులాంటి నెమ్మదైన పిల్లాడికి ఇది ఒకటికి రెండుసార్లు చెప్పి చేయించి చూడాలి. అలాంటి పిల్లలు నిజంగా అవసరమైనప్పుడు కూడా నోరు మూసుకుని నిలబడతారు, నాకు భయం అదే.

ఒక అబ్బాయి నాన్న:

మగవాణ్ణి కాబట్టి మీవారి మాట గురించి మాత్రమే రాస్తాను. "ఏం చేయాలో చెప్పు" అనే మనిషి చెడ్డవాడు కాదు, కానీ అలా అన్నంత కాలం ఇంటి బాధ్యత మీ దగ్గరే ఉంటుంది, ఆయన దగ్గరకి ఒక్కో పని మాత్రమే వెళ్తుంది. పనులు పంచుకుంటే లాభం లేదండీ, పూటలు పంచుకోవాలి.

మా ఇంట్లో పద్ధతి ఇది. సెలవులు మొదలవ్వకముందే ఇద్దరం మా ఆఫీసు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుంటాం. ఎవరి ముఖ్యమైన మీటింగులు ఎప్పుడో ముందు చూస్తాం, తర్వాత ఒక్కో రోజుని రెండు పూటలు చేసి ఏ పూట ఎవరిదో రాసుకుంటాం. నా పూట అంటే పూర్తిగా నాది. వాడు ఏం తింటాడు, ఏం వేసుకుంటాడు, ఎప్పుడు స్నానం, దెబ్బ తగిలితే ఏం చేయాలి, అన్నీ నేనే చూసుకుంటాను. ఆవిడకి ఫోన్ చేసి "వీడి మఫ్లర్ ఎక్కడ" అని అడగను, అలమర వెతుక్కుంటాను. ఆవిడ కూడా నేను వేసిన బట్టలు రంగులు కలవలేదని మార్చదు. ఇద్దరికీ ఇది కష్టమైన భాగమే, కానీ దీన్ని పాటించకపోతే మిగతాదంతా వృథా.

మీవారు రోజూ ఆఫీసుకి వెళ్తారు కాబట్టి హాఫ్ డే లీవుల గురించి అడగండి. రెండు పూర్తి రోజుల బదులు నాలుగు మధ్యాహ్నాలు తీసుకుంటే మీ కష్టమైన మీటింగులన్నీ ఆ పూటలకి జరుపుకోవచ్చు. ఏడాది చివర్లో మగవాళ్ళ లీవులు మురిగిపోతుంటాయి, పిల్లల కోసం వాటిని అడగాలని చాలామందికి తోచదు. ఉదయం ఆయన వెళ్ళేముందు గంటసేపు, వచ్చాక పడుకోబెట్టేదాకా, ఈ రెండూ పూర్తిగా ఆయనవే చేసేయండి. మీరు ఆ సమయంలో లాప్‌టాప్ ముందు కూర్చోండి, లేదా దుప్పటి కప్పుకుని పడుకోండి, అది మీ ఇష్టం.

ఈ బరువు మీ ఒక్కరి ఊహ కాదని చెప్పడానికి ఒక లెక్క చెప్తాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన నివేదికలో, ప్రపంచం మొత్తమ్మీద జీతం లేని ఇంటి పనీ మనుషుల్ని చూసుకునే పనీ చేయడానికి ఆడవాళ్ళకి రోజుకి సగటున 4 గంటల 25 నిమిషాలు పడుతుంటే మగవాళ్ళు 1 గంట 23 నిమిషాలు చేస్తున్నారని తేలింది. అది చేతులతో చేసే పని లెక్క. మీరు చెప్పిన ముందుచూపు, ఆ గుర్తుపెట్టుకోవడం, అది ఏ గడియారానికీ అందేది కాదు. ఈ పోస్టు ఆయనకి చూపించండి, నా మాటగా చెప్పండి.

పిల్లల వార్డు నర్సు:

జ్వరమొస్తే లీవు కావాలి అన్నారు కదా, దాని గురించి. చలికాలంలో అందరూ తలుపులు మూసుకుని ఒకే గదిలో ఉంటారు, సెలవుల్లో చుట్టాలూ ప్రయాణాలూ ఎక్కువ, అందుకే జలుబూ ఫ్లూ ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అంటుకుంటాయి. బయటి నుంచి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగించండి, అంటుకోవడం కొంత తగ్గుతుంది.

పిల్లలకి బాగున్నప్పుడే ఇద్దరి బరువూ చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. పారాసెటమాల్ డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి లెక్క. సిరప్ సీసా మీద ఒక మిల్లీలీటరుకి ఎంత మందు ఉందో బ్రాండుని బట్టి మారుతుంది కాబట్టి మీ డాక్టర్‌నో ఫార్మసిస్టునో ముందే అడిగి ఆ కాగితం మీదే రాయించుకోండి. మందు వేసిన ప్రతిసారీ టైమ్ కూడా అక్కడే రాయాలి. ఇద్దరు ఉద్యోగస్తులున్న ఇంట్లో మేము చూసే ప్రమాదం ఏంటంటే, అమ్మ వేసి మీటింగ్‌కి వెళ్తుంది, అది తెలియక ఇంటికొచ్చిన నాన్న గంట తిరక్కుండా ఇంకో డోసు వేస్తాడు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి సొంతంగా ఎప్పుడూ వేయొద్దు. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, పోయినసారి మిగిలిన సీసా తీసి వాడకండి.

ఎప్పుడు పరిగెత్తాలంటే, ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు ఎగరేస్తుంటే, పెదాలు నీలంగా మారితే, పిలిచినా సరిగ్గా కళ్ళు తెరవకుండా మగతగా పడి ఉంటే, నీళ్ళు కూడా తాగకుండా చాలాసేపటి నుంచి మూత్రానికి వెళ్ళకపోతే. ఇవి ఉంటే మీటింగూ రిపోర్టూ ఏదీ చూడకండి. ఇవేవీ లేకపోయినా జ్వరం మూడు రోజులు దాటితే చూపించండి. జలుబు తగ్గాక దగ్గు రెండు మూడు వారాలు ఉండటం మామూలే, దానికి కంగారు పడి రాత్రిళ్ళు మేలుకోకండి.

జ్వరం రోజు ఎవరు ఇంట్లో ఉండాలో కూడా ఇప్పుడే అనుకోండి. మొదటి రోజు మీరైతే రెండో రోజు ఆయన. తెల్లవారుజామున నాలుగింటికి, పిల్లాడి ఒళ్ళు కాలిపోతున్నప్పుడు, ఎవరి మీటింగ్ ముఖ్యమని వాదించుకోవడం కన్నా ఘోరం లేదు.

ఇద్దరు పిల్లల అమ్మ:

అందరూ ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్. పూటల లెక్క మావారికి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత మేనేజర్‌కి మెసేజ్ పెట్టారు. ఈ వారంలో రెండు మధ్యాహ్నాలు దొరికాయి. బరువులు కూడా చూసి రాసుకున్నాం. అమ్మాయి గురించీ ట్యాబ్ గురించీ ఎవరైనా చెప్తారా? తమ్ముణ్ణి చూసుకోమంటే అది కాదనదు, కానీ చదువుకుంటున్న కథల పుస్తకం మూసి లేచేటప్పుడు దాని ముఖం చూడలేకపోతున్నాను.

ప్రైమరీ స్కూల్ టీచర్:

నా క్లాసులో అందరూ మీ అమ్మాయి ఈడు పిల్లలే. తొమ్మిదేళ్ళ పిల్ల సాయం చేయొచ్చు, కాపలా కాయకూడదు. తేడా ఎక్కడంటే, సాయానికి మొదలూ చివరా ఉంటాయి. "తమ్ముడికి ఈ కథ చదివి పెట్టు" అంటే సాయం, కథ అయిపోగానే తన పనికి తను వెళ్ళిపోతుంది. "నేను వచ్చేదాకా తమ్ముణ్ణి చూసుకో" అంటే వాడు పడితే తప్పు తనదవుతుంది, ఆ భయంతో పిల్ల చదవనూ లేదు, ఆడనూ లేదు. రోజులో ఒక గంట, తలుపు వేసుకునే హక్కుతో సహా, పూర్తిగా ఆమెకే ఇచ్చేయండి. ఆ గంటలో తమ్ముడు ఏడ్చినా ఆమెని పిలవకూడదు.

స్క్రీన్ విషయంలో చాలామంది భయపెడతారు, నేను భయపెట్టను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకి గంట మించొద్దని చెప్పింది. 5 నుంచి 17 ఏళ్ళవాళ్ళకి 2020లో ఇచ్చిన సూచనల్లో స్క్రీన్‌కి ఇన్ని గంటలు అనే అంకె పెట్టలేదు, తగ్గించమని మాత్రం చెప్పింది, దాంతోపాటు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు వేడెక్కేలా, ఊపిరి వేగం పెరిగేలా కదలాలంది. కాబట్టి ఎన్ని గంటలు చూశారని లెక్కపెడుతూ బాధపడకండి. నిద్ర, ఆట, మనుషులతో మాటలు, ఈ మూడూ అయ్యాయా చూడండి. ట్యాబ్‌ని మీ అతి ముఖ్యమైన కాల్ కోసం దాచుకోండి. పొద్దున లేవగానే ఇచ్చేస్తే పదకొండింటి మీటింగ్‌కి దానికి విలువే ఉండదు. అంతులేకుండా ఒకదాని తర్వాత ఒకటి వచ్చే చిన్న చిన్న వీడియోల బదులు మొదలూ చివరా ఉన్న ఒక సినిమా పెట్టండి, ఆటోప్లే ఆపేయండి. పడుకునే ముందు గంట మాత్రం ఏ తెరా వద్దు.

ఇంకో మాట, పిల్లలు "బోర్ కొడుతోంది" అంటే వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టాలని లేదు. ఖాళీ అట్టపెట్టెలు, టేపు, పాత దుప్పట్లు ఒక మూల పడేసి ఊరుకోండి. మొదటి పావుగంట విసుక్కుంటారు. ఆ పావుగంట తట్టుకుంటే కుర్చీల మీద దుప్పట్లు కప్పి ఇల్లు కట్టేస్తారు. ఇల్లు చిందరవందరగా ఉంటుంది, ఉండనివ్వండి.

షిఫ్ట్ డ్యూటీ అమ్మ:

నాకు ఇంటి నుంచి పని చేసే వీలు లేదు. చీకటి ఉండగానే వెళ్ళాలి, ఫోన్ లాకర్లో పెట్టేయాలి, బ్రేక్‌లో తప్ప ఇంటికి మాట్లాడలేను. ఈ సెలవుల్లో పిల్లలు మా పక్కింటి ఆవిడ దగ్గర, ఆవిడకి డ్యూటీ ఉన్నప్పుడు ఆవిడ పిల్లలు మా ఇంట్లో. ఎవరి డ్యూటీ ఏ రోజో సెలవులకి ముందే ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. మాలాంటివాళ్ళకి ఇదే ఆధారం, డబ్బుతో పని లేదు, ఒకరికొకరం ఉండాలంతే. మీ వీధిలో కూడా ఇలాంటి అమ్మ ఎవరో ఒకరు ఉండే ఉంటారు, వారానికి ఒక్క పూట మార్చుకున్నా మీకు ఊపిరి ఆడుతుంది. మీరు ఇంట్లో ఉంటారు కాబట్టి అవతలివాళ్ళు మొత్తం మీ మీదే వదిలేయకుండా పూటలు మాత్రం సమానంగా రాసుకోండి.

నేను ఇల్లు చేరగానే ఒకటి చేస్తాను. సంచి కింద పెట్టి, చేతులు కడుక్కుని, స్వెటర్ కూడా విప్పకుండా పిల్లల పక్కన కూర్చుంటాను. వంటగదిలోకి చూడను, హోంవర్క్ అయిందా అని అడగను. ఆ కాసేపు వాళ్ళు చెప్పేది వింటాను. చిన్నది నా స్వెటర్ జిప్పు పైకీ కిందకీ లాగుతూ రోజంతా ఏం జరిగిందో వరసగా చెప్తుంది, ఎవరు ఎవర్ని కొట్టారో సహా. ఆ తర్వాత నేను వంటకి లేచినా ఎవరూ కొంగు పట్టుకుని లాగరు. మీరు ఇంట్లోనే పని చేస్తారు కాబట్టి మీకు ఇల్లు చేరడం అనేది లేదు, అందుకే మీకు ఇంకా కష్టం. లాప్‌టాప్ మూసి, తలుపు తెరిచి బయటికొచ్చి, "ఆఫీసు అయిపోయింది" అని పైకి చెప్పండి. పిల్లలకి అది వినబడాలి.

ఇద్దరు పిల్లల అమ్మ:

అక్కా, మీరు రాసింది అమ్మాయికి కూడా చదివాను. "ఆఫీసు అయిపోయింది" అని తనే గంట కొడతానంది, పాత సైకిల్ బెల్లు వెతుకుతోంది. తలుపు వేసుకునే గంట కూడా ఇచ్చేశాను, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు.

నర్సుగారికి ఒక్క ప్రశ్న. పిల్లల గదిలో రాత్రి కరెంటు హీటర్ పెట్టి వదిలేయొచ్చా? బాబు దుప్పటి తన్నేస్తాడు.

పిల్లల వార్డు నర్సు:

రాత్రంతా వదిలేయకండి. పడుకునే ముందు గది వేడెక్కేదాకా వేసి, మీరు మేలుకుని ఉన్నప్పుడే ఆపేయండి. పరుపు, కర్టెన్లు, బట్టలు హీటర్‌కి కనీసం మీటరు దూరంలో ఉండాలి, తడి సాక్సులు దాని మీద ఆరేయకూడదు, ప్లగ్గు ఎక్స్‌టెన్షన్ బోర్డులో కాకుండా నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి. బొగ్గుల కుంపటి అయితే తలుపులు మూసిన గదిలో అసలు పెట్టొద్దు, దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దుప్పటి తన్నేసే పిల్లాడికి లోపల ఒక పలచటి చొక్కా, దాని మీద ఫుల్ ప్యాంటూ సాక్సులూ ఉన్న రాత్రి బట్టలు వేయండి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే సరిపోయినట్టే, చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయండి.